కుర్చీ దిగేదెవరో తెలిసినా పందెం గెలవరు

ప్రశ్న: మాది కర్నూలు బి.క్యాంపు. వయసు 34. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటును. నెలకు 48,000 చేతికి వస్తుంది; ఇంటి ఖర్చులు, 10,000 చీటీ కంతు పోగా 12,000 మిగులుతుంది. ఏడాదిగా ‘ఏ పెద్ద అధికారి ముందుగా పదవి నుంచి దిగిపోతాడు’ అన్న పందేలు కాస్తున్నాను. జిల్లా అధికారుల బదిలీల మీద ఇక్కడి బుకీ దగ్గర, అమెరికా మంత్రివర్గం మీద ఒక విదేశీ యాప్‌లో కాస్తాను. మొదటిసారి 18,000 వచ్చింది. ఆ తర్వాత దాచుకున్న 1,10,000, నా భార్య నగలు ఫైనాన్సులో తాకట్టు పెట్టి తెచ్చిన 1,50,000 పెట్టాను. ఇప్పుడు యాప్‌లో 38,000 మిగిలింది. ఒక పేరు ధర ప్రస్తుతం 22 ఉంది, నా అంచనాలో అవకాశం 60 శాతం. రెండు లక్షల చీటీ పాడి అందులో లక్ష దీని మీద పెడితే పాతది రాబట్టుకోగలనా? దీన్ని పెట్టుబడిగా చూడవచ్చా? సచివాలయంలో మా బంధువు ఒకరున్నారు, సమాచారానికి లోటు లేదు.

జవాబు: చీటీ పాడవద్దు. ఆ యాప్‌లోకి ఇంకొక్క రూపాయి కూడా పంపవద్దు. పెట్టుబడిగా చూడవచ్చా అన్న ప్రశ్నకు కూడా నా సమాధానం కాదనే. మీరు లెక్కలు రాసే మనిషి కాబట్టి కారణాలు లెక్కలోనే చెబుతాను.

ధర 22 అంటే, మీరు అనుకున్న వ్యక్తి గడువులోగా దిగిపోతే 100 వస్తుంది, దిగకపోతే 22 పోతుంది. మీరు కొంటున్నారంటే అవతల అమ్ముతున్నవాడు ఒకడున్నాడు, అతడి లెక్కలో దాని విలువ 22 కంటే తక్కువ. మీరు తెలుగు పత్రికలో తెల్లవారి చదివే వాషింగ్టన్ వార్తను అతడు అక్కడే కూర్చుని కొన్ని గంటల ముందే చదివి ఉంటాడు. ఆ వార్తకు పెరగవలసిన ధర పెరిగి, తగ్గవలసింది తగ్గి, అదంతా అయ్యాకే మీకు 22 కనబడుతోంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రాల కోసం వెతికేవాళ్లను మీరు చూసే ఉంటారు. రాయి దొరికినవాడికి దాని విలువ తెలియదు, కొనే వ్యాపారికి తెలుసు; బేరంలో ఎవరిది పైచేయి అవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అయినా ఆ వెతికేవాడి నష్టం ఒకరోజు కూలీతో ఆగుతుంది, మీది భార్య నగల దాకా వచ్చింది.

ఇక బుకీ సంగతి. నలుగురు అధికారుల్లో ముందు ఎవరు బదిలీ అవుతారన్న పందేనికి అతడు మొదటి పేరుకు రూపాయికి రూపాయి, రెండో పేరుకు రూపాయికి రెండు, మూడో పేరుకు మూడు, నాలుగో పేరుకు ఏడు ఇస్తాడనుకుందాం. కాసిన సొమ్ముతో కలిపి మీ చేతికి 100 రావాలంటే మొదటి పేరు మీద 50, రెండో పేరు మీద 33.33, మూడో పేరు మీద 25, నాలుగో పేరు మీద 12.50 కాయాలి. నాలుగూ కాస్తే 120.83 అవుతుంది. అంటే ఆ నలుగురిలో ఎవరు బదిలీ అయినా మీరు దాదాపు 121 ఇచ్చి 100 తెచ్చుకుంటారు. ఎవరు వెళ్లినా బుకీ వాటా బుకీదే. ఈ తేడాను దాటి లాభం చూడాలంటే మీ అంచనా మిగతావాళ్ల అంచనా కంటే కొంచెం మెరుగ్గా ఉంటే చాలదు, ప్రతిసారీ చాలా మెరుగ్గా ఉండాలి.

మీరు ఓడిన పందేల్లో ఎక్కువ శాతం మనిషి విషయంలో కాక తేదీ విషయంలో తప్పినవే అయి ఉంటాయని నా అనుమానం. అమెరికా విదేశాంగ మంత్రి రెక్స్ టిల్లర్‌సన్‌ను తప్పిస్తారని 2017 నవంబరు చివర్లోనే అక్కడి పత్రికలు రాశాయి. ఆయన పదవి పోయింది 2018 మార్చి 13న. ‘డిసెంబరు 31 లోగా’ అని కాసినవాడు మనిషిని సరిగ్గా పట్టుకుని కూడా డబ్బు పోగొట్టుకుంటాడు. 2025 మే 1న జాతీయ భద్రతా సలహాదారు మైక్ వాల్ట్జ్‌ను ఆ పదవి నుంచి తప్పిస్తూనే ఐక్యరాజ్యసమితి రాయబారిగా ప్రతిపాదించారు. ఇలాంటి చోట ‘దిగిపోవడం’ అంటే ఏమిటి, ప్రకటించిన రోజు లెక్కా, బాధ్యతలు అప్పగించిన రోజు లెక్కా, వేరే పదవికి పంపితే వర్తిస్తుందా లేదా అన్నది యాప్ సన్నాక్షరాల్లో రాసుకున్న నిబంధన తేలుస్తుంది. బుకీ దగ్గర ఆ కాగితం కూడా ఉండదు, అతడి మాటే నిబంధన.

మన దేశంలో జరిగినవి చూడండి. 2024 మార్చి 9న, లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడడానికి వారం ముందు, ఎన్నికల కమిషనర్ అరుణ్ గోయల్ రాజీనామా చేశారు. 2025 జూలై 21న పగలు రాజ్యసభలో అధ్యక్ష స్థానంలో కూర్చున్న ఉపరాష్ట్రపతి జగదీప్ ధన్‌ఖడ్ ఆ రాత్రే అనారోగ్యం కారణంగా తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఆయన పదవీకాలం 2027 ఆగస్టు దాకా ఉంది. మన పక్క జిల్లా సంగతే తీసుకుంటే, 2024 మే 13 పోలింగు తర్వాత జరిగిన గొడవల కారణంగా ఎన్నికల సంఘం అనంతపురం ఎస్పీని సస్పెండ్ చేయించింది. ఆ గొడవలను, వాటి మీద ఢిల్లీలో తీసుకునే నిర్ణయాన్ని ముందుగా లెక్కగట్టే పద్ధతి మీ దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదు. దీనికి భిన్నంగా, ఒక అధికారి ఏ నెలాఖరున రిటైరవుతాడో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన దాని మీద ధర 97, 98 దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ మిగిలేదేమీ ఉండదు.

మీ బంధువు గురించి రాశారు. ఆయన చెప్పేది కారిడార్‌లో వినబడిన మాటైతే దానికి విలువ లేదు, అది బుకీ దాకా ఎప్పుడో వెళ్లి ఉంటుంది. నిజంగా ఫైలు చూసి చెబుతున్నారంటే మీరు ఆయన ఉద్యోగాన్ని పందెంలో పెడుతున్నారని అర్థం. బ్రిటన్‌లో పందెం చట్టబద్ధమే, అయినా 2024 మే 22న ఎన్నికల ప్రకటన రావడానికి మూడు రోజుల ముందు ‘జూలైలో ఎన్నికలు’ అని 100 పౌండ్లు కాసిన అధికార పార్టీ ఎంపీ కథ కేసు దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ ఆ వ్యవహారంలో 15 మందిపై అభియోగాలు మోపింది. అంతా కలిపి ఆయనకు రాగల లాభం 500 పౌండ్లు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, వాటికి బ్యాంకులు చెల్లింపులు జరపకూడదని కూడా చెప్పింది. మన రాష్ట్రంలో 1974 గేమింగ్ చట్టానికి 2020లో చేసిన సవరణ ఆన్‌లైన్ పందేలను అందులోకి తెచ్చింది, అది కాసేవాడినీ వదలదు. కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. బుకీ రేపు మీకు రావలసింది ఎగ్గొడితే మీరు కోర్టుకు వెళ్లలేరు. పన్ను మాత్రం తప్పదు. బుకీ దగ్గర పదివేల చొప్పున పది పందేలు రూపాయికి రూపాయి లెక్కన కాసి ఆరు గెలిచారనుకోండి. 60,000 వచ్చి 40,000 పోయి చేతిలో 20,000 మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ పందెంలో పోయినదాన్ని గెలిచినదాంట్లోంచి తీసివేయనివ్వరు. సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున 60,000 మీద పన్ను 18,720. పదింట ఆరు సార్లు నెగ్గిన మనిషికి చివరకు మిగిలింది 1,280.

ఇప్పుడు చేయవలసిన పని. ముందు యాప్‌లోని 38,000 వెనక్కి తీయండి. అది క్రిప్టో రూపంలో ఉంటే ముక్కూమొహం తెలియని వ్యక్తికి అమ్మి అతడు పంపిన డబ్బు జీతం ఖాతాలో వేయించుకోకండి. ఆ డబ్బు వెనక సైబర్ మోసం కేసు ఉంటే మీ ఖాతా స్తంభించి జీతం కూడా అందులోనే ఇరుక్కుంటుంది. ప్రభుత్వం వద్ద నమోదైన ఎక్స్ఛేంజీ ద్వారానే మార్చుకుని, రశీదులు దాచుకోండి.

ఫైనాన్సులో నూటికి రూపాయిన్నర వడ్డీ అనుకుంటే నెలకు 2,250 కడుతున్నారు. ఆ నగలను అక్కడి నుంచి విడిపించి బ్యాంకులో పెట్టి నూటికి ముప్పావలా వడ్డీకి మార్చుకోగలిగితే అది సగమవుతుంది. 38,000 అసలుకు జమ చేస్తే 1,12,000 మిగులుతుంది; నెలనెలా మిగిలే 12,000 దానికే కడితే పదో కంతులో 8,557 కట్టగానే అప్పు తీరుతుంది. మొత్తం వడ్డీ సుమారు 4,560. అదే ఈ నెల పాటలో చీటీ ఎత్తుకుని 20,000 తగ్గింపుకు ఒప్పుకుంటే, వడ్డీ కంటే నాలుగింతల పైగా సొమ్ము పాటలోనే వదులుకున్నట్టు. కాబట్టి తాకట్టు విడిపించడానికైనా సరే ఇప్పుడు పాడవద్దు, చివరిదాకా ఉండి ఎత్తుకోండి.

పోయిన 2,22,000 రాదు. దాన్ని మీ పుస్తకంలో రానిబాకీగా కొట్టేయండి, రాబట్టాలన్న ఆలోచనే మిమ్మల్ని చీటీ పాట దాకా తెచ్చింది. బ్యాంకులో నగలు మార్చేటప్పుడు మీ భార్యను వెంట తీసుకువెళ్లండి; తాకట్టు రశీదు ఆమె దగ్గరే ఉంచండి, కంతు కట్టిన ప్రతిసారీ మిగిలిన అసలు ఎంతో ఆమెకు చూపించండి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేశాక కూడా చేయి అటే వెళుతోందని, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని అనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.