బీచ్ రోడ్డు కసరత్తు మానేద్దామనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున చేరిన బృంద వ్యాయామం నీకు రుచించడం లేదనీ, అలారం మోగగానే దిగులు పుడుతోందనీ రాశావు. మానేసే ముందు రెండు సంగతులు తేల్చుకో: శ్రమ ఎంత, పక్కన ఎవరు.

కసరత్తు బాగుందో లేదో బర్పీల (వంగి నేలకు చేతులానించి, కాళ్ళు వెనక్కి చాచి, మళ్ళీ లేచి దూకడం) మధ్యలో ఉండగా నిర్ణయించకు. రెండు మాటలు కలిపి పలకలేనంతగా రొప్పు వచ్చాక దాదాపు ఎవరికైనా కష్టంగానే తోస్తుంది. అది బద్ధకం కాదు, దేహధర్మం. ఆపిన కొద్ది నిమిషాలకే మనసు తేలికపడుతుంది కనుక, చివరి విజిల్ మోగి, చెమట తుడుచుకొని, జావ బండి దగ్గర నిలబడ్డాక నీకెలా ఉందో గమనించు. అప్పటికీ చిరాకే మిగిలితే శ్రమ నీ శక్తిని మించిందన్నమాట.

ఎంత గట్టిగా చేయాలన్నది పూర్తిగా శిక్షకుడికి వదిలేయకు. ప్రతి విడత తర్వాత పదికి ఎంత కష్టమనిపించిందో నీకు నువ్వే మార్కు వేసుకొని, మొదటి నెల ఏడు దాటనివ్వకు. దూకమన్న చోట దూకకుండా అడుగు మార్చి అడుగు వేసినా తప్పులేదు. టబాటా పేరు చెప్పి అరగంటసేపు ఎగిరించేవారిని చూస్తే నాకు నవ్వొస్తుంది. 1996లో జపాన్ పరిశోధకుడు ఇజుమి టబాటా బృందం ప్రచురించిన పద్ధతిలో 20 సెకన్ల శ్రమ, 10 సెకన్ల విరామం చొప్పున ఏడెనిమిది విడతలు, అంటే సుమారు నాలుగు నిమిషాలే ఉన్నాయి. అదీ వ్యాయామ సైకిలు మీద, కసరత్తుకు అలవాటుపడ్డ యువకుల చేత చేయించినది. పైగా మన విశాఖ గాలిలోని తేమకు చెమట ఆరదు, అదే పనికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో విడతలు తగ్గించుకోవడానికి మొహమాటపడకు.

ఇక రెండోది, పక్కన ఎవరున్నారన్నది. జర్మన్ మనస్తత్వవేత్త ఓటో కోహ్లర్ 1920లలో బెర్లిన్ పడవ పందేల క్లబ్బు సభ్యుల చేత బరువులెత్తించి చూసినప్పుడు, బలం తక్కువైనవాడు ఒంటరిగా కంటే జంటలో ఎక్కువసేపు నిలిచాడు; ఇద్దరి మధ్య తేడా మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా ఆ ఊపు తగ్గింది. కాబట్టి ముందు వరుసలో రెచ్చిపోయే కుర్రాణ్ణి చూసి కుంగిపోక, నీకంటే కాస్త మెరుగైనవాడి పక్కన చేరు. ఒకరోజు రాకపోతే ఏమైందని ఫోన్ చేసేవారు ఇద్దరున్నా చాలు, మర్నాడు లేవడానికి అలారంతో అంత పేచీ ఉండదు. మార్కుల బోర్డు పెట్టి పోటీ నడిపే బృందాలు కొందరికి నప్పుతాయి గానీ, క్యారమ్స్‌లో ఓడినా అన్నం మానేసే నీకు నప్పవు.

రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు వెళ్ళు; తీవ్రమైన వ్యాయామమైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించేది వారానికి 75 నుంచి 150 నిమిషాలే. మిగతా రోజుల్లో కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి వైపు హాయిగా నడు. ఛాతీ బిగదీసినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించుకో. నీ పాత మోకాలి నొప్పి సంగతి శిక్షకుడికి రేపే చెప్పు. చెప్పాక కూడా దూకమనే మనిషైతే, కట్టిన ఫీజు పోయినా సరే, వేరే బృందం చూసుకో.

ఇట్లు,
మామయ్య