ఫిల్టర్ మార్చాక ఆయిల్ కారుతోందా? బోల్టులు బిగించకండి, మూత విప్పి గాడి చూడండి

మీ ప్రశ్న చదవగానే రెండేళ్ల కిందటి మా ఇంటి వాకిలి గుర్తొచ్చింది. బైక్ ఆయిల్ ఫిల్టర్ మీరే మార్చారు, మూడో రోజు నుంచి మూత చుట్టూ ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది, రాత్రి బండి పెడితే తెల్లారేసరికి కింద చుక్కలు. బోల్టులు ఇంకాస్త బిగించాలా, గమ్ము పూయించాలా అని అడిగారు. నేను రెండూ చేశాను. రెండూ తప్పే.

నాది 150 సీసీ బండి. ఇల్లు నల్లగొండలో, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కల పని. రోజూ పోనూ రానూ 80 కిలోమీటర్ల దాకా పడుతుంది కాబట్టి ఆయిల్ మార్చే రోజు తొందర తొందరగా వచ్చేస్తుంది. ప్రతిసారీ మెకానిక్ షెడ్డు దగ్గర గంటలు గంటలు కూర్చోవడం ఎందుకని ఒక ఆదివారం నేనే మొదలుపెట్టాను. ఆయిల్ దించాను, ఫిల్టర్ మూతకున్న మూడు బోల్టులు విప్పాను, కొత్త ఫిల్టర్ పెట్టి, ప్యాకెట్లో వచ్చిన కొత్త ఓ రింగ్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగు) వేసి మూత బిగించాను. అరగంటలో అయిపోయింది. ఇంత చిన్న పనికా ఇన్నాళ్లూ డబ్బులిచ్చింది అనుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే మా అమ్మ కేకేసింది. "ఏందిరా ఇది, నీ బండి రోజూ నా ముగ్గు మీదనే పోస్తాంది!" వెళ్లి చూస్తే షాబాద్ బండ మీద, ముగ్గు గీతకు ఆనుకుని, రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ.

పానా తెచ్చి మూడు బోల్టులూ పావు తిప్పు చొప్పున బిగించాను. రెండు రోజులు ఆగింది, మళ్లీ మొదలైంది. మళ్లీ పావు తిప్పు. అప్పుడు కింది బోల్టు బిగుస్తూ బిగుస్తూ ఒక్కసారిగా వదులైపోయింది. అది ఒకసారి చేతికి తెలిస్తే ఇక మర్చిపోరు, కడుపులో దేవినట్టు అవుతుంది. బోల్టు బయటికి తీస్తే దాని మరల మధ్య సన్నటి వెండి తీగలాంటిది చుట్టుకుని ఉంది. ఆ తీగ ఇంజిన్‌దే. బోల్టు ఉక్కు, ఇంజిన్ అల్యూమినియం, మరి లోపలి మర మొత్తం ఒలుచుకుని వచ్చేసింది.

భయమేసి ఊళ్లోనే ఒక షెడ్డుకు తీసుకెళ్తే అతను మూత చుట్టూ గమ్ము దట్టించి, "ఇక చుక్క కూడా రాదు సార్" అన్నాడు. వారం రోజులు నిజంగానే రాలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం ఇంటికి వస్తుంటే తిప్పర్తి దగ్గర ఏదో మాడిన వాసన, కాళ్ల దగ్గర సన్నగా పొగ. ఆయిల్ కారి సైలెన్సర్ బెండు మీద పడుతోంది. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక పెద్దాయన కనిపిస్తే ఆపాను.

ఆయన బోల్టుల జోలికే పోలేదు. ఇంజిన్ చల్లారేదాకా టీ తాగించాడు, తర్వాత మూత తీశాడు, గమ్మంతా గోటితో గీకాడు. మూత తిప్పి, చుట్టూ ఉండే గాడిలోకి ఒక పిన్నీసు మొన దూర్చి మెల్లగా లేపాడు. నల్లటి రబ్బరు రింగు ఒకటి లేచి వచ్చింది. నేను వేసిన కొత్త రింగు అప్పటికే పక్కన నేల మీద ఉంది. "చూడు బేటా, పాతది లోపల్నే ఉంది. ఒక్క గాడిలో రెండు రింగులెట్ల పడతయి?"

పాత రింగు వేడికి చప్పిడి పడి, ఆయిల్ మడ్డితో కలిసి గాడికి అతుక్కుపోయింది. గాడి అడుగే అంత నల్లగా ఉంటుందేమో అనుకున్నాను నేను. దాని మీద కొత్తది పెడితే దానికి చోటు లేక సగం గాడి బయటే ఉండి, మూత బిగించేసరికి పక్కకు జరిగి నలిగింది. పంపు తోసే ఆయిల్‌కు ఆ కాస్త సందు చాలు.

బిగిస్తే ఎందుకు ఆగదో కూడా ఆ రోజే తెలిసింది. సరైన రింగు గాడిలో సరిగ్గా కూర్చుంటే, మూత ఇంజిన్‌కు ఆనేసరికి దానికి కావాల్సినంత నొక్కు వచ్చేస్తుంది. లోహానికి లోహం ఆనాక మీరు ఎంత తిప్పినా రింగు మీద పడే బరువు పెరగదు, మర మీదే పడుతుంది. ఇలాంటి చిన్న 6 మిల్లీమీటర్ల బోల్టులకు మామూలుగా చెప్పే బిగువు 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే. మీ బండి పుస్తకంలో ఉన్న అంకె చూడండి. టార్క్ పానా (బిగువు కొలిచి చూపే పానా) లేకపోతే చిన్న టీ పానాను వేళ్లతో పట్టుకుని తిప్పండి, భుజం వాడకండి. మూడింటినీ చేత్తో ఎక్కించాకే, ఒకటి విడిచి ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి.

అయితే మూత విప్పే ముందు ఆయిల్ నిజంగా అక్కడినుంచే వస్తోందా అనేది తేల్చుకోండి. నడిచే బండిలో గాలికి ఆయిల్ ఎటో పాకి ఎక్కడో చుక్కగా పడుతుంది. డ్రెయిన్ బోల్టు వాషర్, క్లచ్ కవర్ ప్యాకింగ్, కిక్ రాడ్ సీల్, పైన హెడ్ కవర్, వీటిలో ఏది కారినా కింద కనిపించేది ఆ నల్ల చుక్కే. చల్లటి ఇంజిన్‌ను డీజిల్ ముంచిన బ్రష్షుతో కడిగి (కిరోసిన్ ఇప్పుడు దొరికేదెక్కడ), సబ్బు నీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అనుమానమున్న చోట మొహానికి రాసుకునే పౌడర్ చల్లి, రెండు మూడు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచండి. తెల్లటి పౌడర్ మీద తడి గీత ఏ చోట మొదలైతే కారేది అక్కడే.

మూత దగ్గరే అని తేలితే, పాత రింగు పిన్నీసుతో తీసి, మూత వైపూ ఇంజిన్ వైపూ బట్టతో తుడవండి. స్క్రూ డ్రైవర్‌తో గీకితే అల్యూమినియం మీద గీత పడి అదే కొత్త దారి అవుతుంది. కొత్త రింగును పాతదాని పక్కన పెట్టి చుట్టుకొలత, మందం చూడండి. కొంచెం తేడా ఉన్నా వాడకండి. పాతది చప్పిడిగా ఉండటం మామూలే, కొత్తది మాత్రం గుండ్రంగా ఉండాలి. ఆయిల్ వేలితో రాసి గాడిలో కూర్చోబెట్టండి, పొడిగా పెడితే మెలిక పడుతుంది. బోల్టు రంధ్రాల్లో ఆయిల్ నిలిచి ఉంటే బట్ట మొన దూర్చి తీయండి. అవి అవతలికి దారి లేని రంధ్రాలైతే లోపలి ఆయిల్ బోల్టును ఆపేస్తుంది, బిగిసిందనుకుంటాం, మూత మాత్రం కూర్చోదు.

ఇంకొకటి, ఫిల్టర్ విప్పేటప్పుడే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రంధ్రం ఏ వైపు ఉందో చూసుకోకుండా తిరగేసి పెట్టారంటే కారకపోవచ్చుగానీ ఇంజిన్‌కు ఆయిల్ సరిగా అందదు, అది ఈ చుక్కల కంటే పెద్ద ముప్పు. మా మిల్లులో ఒకతను తన స్ప్లెండర్‌కు కూడా ఇలాంటి ఫిల్టర్ కావాలని నాలుగు దుకాణాలు తిరిగాడు. ఆ 100 సీసీ ఇంజిన్‌లో ఆయిల్‌కు కాగితం ఫిల్టరే ఉండదు, ఆయిల్ వడకట్టే జల్లెడలాంటి జాలి ఒకటి, మడ్డిని విసిరికొట్టే తిరుగుడు ఫిల్టర్ ఒకటి. అది కారుతుంటే వెతకాల్సింది వేరే చోట.

గమ్ము సంగతి. ఓ రింగ్ ఉండే మూతకు గమ్ముతో పనే లేదు. ఎక్కువైంది లోపలి వైపు ఉబ్బి, ముక్కలై ఆయిల్‌తో తిరుగుతుంది. తర్వాత నా బండి జాలి తీస్తే దాని మీద బియ్యపు గింజంత గమ్ము ముక్కలు మూడు ఉన్నాయి. మర పోయిన రంధ్రానికి మాత్రం లేత్ షాపులో హెలికాయిల్ (పోయిన మర స్థానంలో కొత్త మరగా కూర్చోబెట్టే తీగ చుట్ట) వేయించాను, 400 రూపాయలు తీసుకున్నారు. ఓ రింగ్ 20 రూపాయలు కూడా కాలేదు.

సరిచేశాక ఆయిల్ నింపి, కాసేపు నడిపి ఆపి, బండిని నిటారుగా సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి ఆయిల్ మట్టం చూడండి. ఇన్నాళ్లు కారింది కాబట్టి తక్కువ ఉండొచ్చు. వెనక టైరును కూడా ఒకసారి చేత్తో తడమండి, ఆయిల్ తగిలితే సబ్బుతో కడిగాకే రోడ్డెక్కండి. రాత్రికి కింద ఒక పాత పేపరు పరచండి.

ఇవన్నీ చేసినా చుక్క పడితే ఫొటో పెట్టండి, చూస్తాను. మూత బయట నుంచి తీసింది కాదు, రింగు తీసేశాక ఖాళీ గాడి ఫొటో.