కవికి విగ్రహం దండగా?

"పార్కుల్లో కవుల విగ్రహాలు దండగ కదా, ఆ డబ్బుతో వాళ్ల పుస్తకాలు అచ్చేయొచ్చుగా?" అని ఒకరు అడిగారు. నేను ఒప్పుకోను. అచ్చేసిన పుస్తకాలు లైబ్రరీ బీరువాల్లోకి పోతాయి. విగ్రహం దారిన పోయేవాణ్ణి ఆపుతుంది. నన్ను ఆపింది.

ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదివాను. అక్కడ సూమ్‌స్కా వీధి పక్క పార్కులో వాళ్ల జాతీయ కవి తరాస్ షెవ్‌చెంకో విగ్రహం ఉంది. 1935లో పెట్టారు, దిమ్మెతో కలిపి 16 మీటర్ల పైనే ఎత్తు. ఫస్టియర్ జనవరిలో అనాటమీ పోయింది. ఇంటికి ఫోన్ చేయాలంటే టెన్షన్. మంచులో ఆ విగ్రహం ముందు నిలబడిపోయాను. ఒక ముసలావిడ వచ్చి ఏ దేశమని అడిగింది. ఇండియా అనగానే చెయ్యి పట్టుకుని దిమ్మె చుట్టూ తిప్పింది.

ఆ దిమ్మె చుట్టూ 16 కంచు బొమ్మలున్నాయి. మొదటిది చంకలో బిడ్డతో కతెరీనా. సైనికుణ్ణి నమ్మి మోసపోతే కన్నవాళ్లే బయటికి పంపేసిన పిల్ల, షెవ్‌చెంకో కావ్యంలోది. నటాలియా ఉజ్వీ అనే నాటకాల నటిని చూసి ఆ బొమ్మ చేశారట. కవి కూడా వెట్టివాడిగానే పుట్టాడని, 1838లో ఒక చిత్రపటాన్ని లాటరీ వేసి 2,500 రూబుళ్లు కట్టి విడిపించారని చెప్పింది. 1847లో రష్యా చక్రవర్తి (జార్) ఆయన్ను సిపాయిగా దూరప్రాంతానికి పంపి, రాయకూడదు, బొమ్మలు గీయకూడదు అని ఆంక్ష పెట్టాడట. నాకు అరకొర రష్యనే వచ్చు, అయినా అంతా అర్థమైంది. నా పరీక్ష సంగతి ఆవిడ అడగలేదు. హాస్టల్‌కి వెళ్లగానే నాన్నకు ఫోన్ చేశాను.

మన దగ్గర కవిని ఒంటరిగా దిమ్మెక్కిస్తారు. శిలాఫలకం మీద ఆవిష్కరించిన నాయకుడి పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది. చుట్టూ కంచె, దానికి తాళం. జయంతికి వేసిన దండ వర్ధంతి దాకా ఎండుతూనే ఉంటుంది. నాకు ఇది చాలా బాధ. కవి ఎవరి కోసం ఏడ్చాడో వాళ్లు కూడా అక్కడ ఉండాలి కదా! గురజాడ విగ్రహం ఎక్కడ పెట్టినా పక్కన పూర్ణమ్మ ఉండాలంటాను, పిల్లల చేతికి అందే ఎత్తులో.

2022 మార్చిలో, ఊరి మీద బాంబులు పడుతుంటే, ఖార్కివ్ వాళ్లు ఆ విగ్రహానికి ఇసుక బస్తాలు పేర్చారు. ఆ ఫోటో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. ఆ ముసలావిడ పేరు ఆ రోజు అడగలేదు.