పొగాకు డబ్బు షేర్లలో పెట్టవచ్చా?

ప్రశ్న: మాది కొండపి మండలం. ఈ ఏడాది పొగాకు అమ్మగా, బ్యాంకు పంట రుణం పోను 6 లక్షలు మిగిలాయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష ఇంకా తీర్చాలి. మళ్లీ సాగుకు రెండున్నర లక్షలు, పాప ఇంజనీరింగ్ ఫీజుకు లక్ష కావాలి. మా మేనల్లుడు ఒక టెలిగ్రామ్ బృందాన్ని చూపించి, ఆప్షన్లలో నెలకు 5 శాతం ఖాయమంటున్నాడు. చేరవచ్చా?

జవాబు: వద్దు. ఆ బృందానికి ఒక్క రూపాయి కూడా పంపకండి.

నెలకు 5 శాతం నిజంగా వస్తే, తిరిగి పెట్టుకుంటూ పోయినప్పుడు మీ 6 లక్షలు పదేళ్లలో 20 కోట్లు దాటాలి. అంతటి విద్య తెలిసినవాడికి మీ డబ్బుతో పనేముంది? షేర్ మార్కెట్‌ను నియంత్రించే ప్రభుత్వ సంస్థ సెబీ వద్ద నమోదైన సలహాదారుకు కూడా ఇంత లాభం ఖాయమని చెప్పే అనుమతి లేదు. ఆ మాట వినగానే పక్కకు తప్పుకోండి.

ఆప్షన్ అంటే ఒక షేరునో సూచీనో ముందే అనుకున్న ధరకు, గడువులోగా కొనే లేదా అమ్మే హక్కు. దాని స్వభావం మీకు సులువుగానే అర్థమవుతుంది. ధర నచ్చకపోతే పొగాకు బేలును వెనక్కి తెచ్చుకుని మరో రోజు వేలానికి పెడతారు. కొన్న ఆప్షన్‌కు ఆ వెసులుబాటు లేదు. మీరు అనుకున్న ధర గడువులోగా రాకపోతే కట్టిన సొమ్ము మొత్తం పోతుంది. ఆ మర్నాడు ధర వచ్చినా ప్రయోజనం ఉండదు. 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు తీసి సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం విడుదల చేసింది. ఆప్షన్లలో, వాటిలాంటి గడువు ఒప్పందాలైన ఫ్యూచర్స్‌లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటు నష్టం దాదాపు 2 లక్షలు. మీ మేనల్లుడికి ఈ లెక్క తప్పక చూపించండి. అతని డబ్బు గురించీ నాకు బెంగగా ఉంది.

ఇక మీ సొమ్ము. ముందుగా ఆ లక్ష అప్పు ఈ వారమే తీర్చేయండి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఏ షేరూ, ఏ ఫండూ ఏటా అంత ఇస్తుందని నమ్మలేం. అప్పు తీరిస్తే ఏటా 24 వేలు మిగలడం మాత్రం ఖాయం. సాగు డబ్బు బ్యాంకులోనే ఉండాలి. అక్టోబరులో నాట్లు, ఆపైన ఆకు ఆరబెట్టే బ్యారన్‌కు కట్టెలు, కూలీలు. ఈ ఖర్చులు మార్కెట్ కోలుకునే దాకా ఆగవు. ఫీజు లక్షను ఏడాది డిపాజిట్‌లో వేయండి. మిగిలిన లక్షన్నరలో 30 వేలు ఆసుపత్రి వంటి అవసరాలకు అట్టిపెట్టండి.

మిగిలే 1.2 లక్షలను ఏడేళ్ల వరకు ముట్టుకోనని అనుకుంటేనే షేర్ల వైపు రండి. విడి షేర్లు వద్దు. నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో, కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఎంచుకుని, నెలకు 10 వేల చొప్పున ఏడాది పాటు వేయండి. నిఫ్టీ అంటే దేశంలోని 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ, ఈ ఫండ్‌తో వాటన్నిటిలో తలా కొంత వాటా వస్తుంది. అయినా నష్టభయం ఉంటుంది. 2008లో నిఫ్టీ 60 శాతం దాకా పడింది, అప్పుడు 1.2 లక్షలు ఉన్నవారికి దాదాపు 48 వేలే కనిపించాయి. పాత స్థాయికి రావడానికి 2010 చివరి దాకా పట్టింది. 2020 మార్చి పతనం మాత్రం అదే ఏడాది నవంబరుకల్లా పూడింది. ఎప్పుడు ఎలా ఉంటుందో ముందే చెప్పగలిగినవారు లేరు, నాతో సహా. అంత పతనం చూసి నిద్ర పట్టదనుకుంటే డిపాజిట్‌లోనే ఉంచండి, అందులో తప్పేమీ లేదు.

ఫండ్‌కు, షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా అక్కర్లేదు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా చాలు. ఖాతా మీ పేరునే తెరిచి, నామినీ పేరు ఆ రోజే రాయించండి.