స్కాన్‌లో పిత్తాశయం ముడుచుకుందని వస్తే
కడుపు అల్ట్రాసౌండ్ స్కాన్ రెండుసార్లు చేయించుకున్నా సరిగా తేలలేదు, ఎందుకని మీరు అడిగారు. రెండుసార్లూ "పిత్తాశయం (గాల్ బ్లాడర్) ముడుచుకుంది, గ్యాస్ వల్ల క్లోమం (పాంక్రియాస్) కనబడలేదు" అని రిపోర్టు వచ్చిందంటే, జబ్బుకన్నా ముందు అనుమానించవలసింది ఉదయం మీరు తాగానన్న ఆ అర కప్పు పాల టీని. పాలలోని కొవ్వు పేగులోకి చేరగానే పిత్తాశయం పైత్యరసాన్ని బయటికి పిండేస్తుంది. నిండుగా ఉంటే అది తెర మీద నల్లటి బేరిపండులా కనిపిస్తుంది. ఖాళీ అయితే మందపాటి గోడలతో చిన్న ముడతలా మిగులుతుంది. అప్పుడు లోపల రాళ్లున్నా తేల్చి చెప్పడం కష్టం.

ఈసారి ఇలా వెళ్లండి:

1. స్కాన్‌కు 6 నుంచి 8 గంటల ముందే తినడం ఆపండి. చాలామంది పొరబడేది ఇక్కడే: టీ, కాఫీ, పాలు కూడా ఆహారమే. మంచినీళ్లు తాగవచ్చు.
2. చూయింగ్ గమ్, సిగరెట్ వద్దు. వాటితోపాటు గాలి మింగుతాం. గాలి అడ్డుంటే ధ్వని తరంగాలు ముందుకు వెళ్లవు.
3. మధుమేహానికి మందులు వాడుతుంటే ఉపవాసం గురించి డాక్టర్‌ను ముందే అడగండి.
4. పొత్తికడుపు కూడా చూస్తారంటే గంట ముందు నీళ్లు తాగి, మూత్రం ఆపుకోండి.

మీ నాన్నగారికి 68 ఏళ్లు, ఒకప్పుడు పొగ తాగేవారు అన్నారు. ఆయనకు కడుపులోని బృహద్ధమని (గుండె నుంచి కిందికి రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం) వెడల్పు కొలవమని తప్పకుండా అడగండి. 65–75 ఏళ్ల మధ్య, ఎప్పుడైనా పొగ తాగిన మగవారికి ఒక్కసారి చేసే ఈ పరీక్ష నిజంగా ప్రాణం కాపాడగలదు. వెడల్పు 3 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆ రక్తనాళం ఉబ్బినట్టు. ఆ ఉబ్బు ఏ నొప్పీ లేకుండానే పెరుగుతుంది.