గళ్ల నుడికట్టు సగంలోనే ఆగుతోంది.. మతిమరుపు మొదలైనట్టా?

ప్రశ్న: మా బాపుకు 68 ఏళ్లు. తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు. పొద్దున చాయ్ తాగుతూ పేపర్లో గళ్ల నుడికట్టు నింపడం ఏళ్ల నాటి అలవాటు, ఎవరినీ ఒక్క మాట అడిగేవారు కాదు. నాలుగైదు నెలల నుంచి సగం గళ్లు ఖాళీగానే ఉంటున్నాయి. ‘నోటి దాకా వస్తున్నది, బయటికి వస్తలేదు’ అంటున్నారు. నన్నో, మనవణ్నో అడుగుతారు, తీరా చెప్తే కోపం. షుగర్‌కు పదేళ్లుగా మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నారు. ఈ మధ్య నిద్రమాత్ర కూడా మొదలైంది. ఇది మతిమరుపు జబ్బా? మేం సాయం చేస్తే ఆయన మెదడుకు పని తగ్గిపోతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: సాయం చేయండి. కాకపోతే జవాబు చెప్పకండి, హింట్ ఇవ్వండి. ఎన్ని గళ్లు ఖాళీగా మిగిలాయన్నది అంత ముఖ్యం కాదు. ఎంత హింట్ ఇస్తే పదం దొరికిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

పదం తెలిసి ఉండటం వేరు, అడిగిన క్షణంలో అది నోటికి అందడం వేరు. వయసుతో మందగించేది రెండోది. అందులోనూ మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు ముందు మొరాయిస్తాయి. ‘నోటి దాకా వస్తున్నది’ అనడం చాలావరకు ఈ కోవలోదే. అల్జీమర్స్ లాంటి జబ్బు ముదిరేకొద్దీ మొదటిది కూడా చెదురుతుంది.

తేడా ఇంట్లోనే కొంత పట్టుకోవచ్చు. ‘ములుగు జిల్లాలో ప్రపంచ వారసత్వ గుడి (3)’ అని ఆధారం ఉందనుకోండి. అర నిమిషం ఊరుకోండి. రాకపోతే ‘పాలంపేటలో ఉంది, రేచర్ల రుద్రుడు కట్టించింది’ అని అర్థం వైపు నుంచి అందించండి. అప్పటికీ రాకపోతే దాన్ని దాటే నిలువు పదాన్ని ముందు నింపమనండి, ఒక అక్షరం తేలుతుంది. ఆ తర్వాతే ‘రా’ అని మొదటి అక్షరం చెప్పండి. చివరికి ‘రామప్పా, లక్నవరమా?’ అని రెండిట్లో ఒకటి ఎంచుకోమనండి. మొదటి అక్షరం వినగానే ‘ఆ, రామప్ప!’ అన్నారంటే పదం లోపల భద్రంగానే ఉంది, దారి కాస్త మూసుకుంది, అంతే. రెండిట్లో ఏదో తేల్చుకోలేకపోయినా, చెప్పిన పదం కొత్తగా విన్నట్టు చూసినా, పది నిమిషాలకే అదే ఆధారం మళ్లీ అడిగినా, ఇవి తరచూ జరుగుతుంటే డాక్టర్‌కు చూపించాలి.

‘తడబడిన కవిత (3)’ లాంటివి వేరే తీరు. ‘తవిక’ అని రాయాలంటే అక్షరాలను మనసులో నిలిపి అటూ ఇటూ మార్చాలి. ఇక్కడ పనిచేసేది ఏకాగ్రత. అర్థంతో దొరికే పదాలు బాగానే వస్తూ ఈ తరహావి మాత్రమే ఆగిపోతుంటే నేను ముందు అనుమానించేది నిద్రలేమిని, నిద్రమాత్రను, దిగులును, షుగర్ పడిపోవడాన్ని.

అసలు వీటన్నిటికంటే ముందు కళ్లు చూడాలి. ఆధారాల అక్షరాలు చిన్నవి, పేపర్ మసక. ఆయనకు షుగర్ కూడా ఉంది కాబట్టి శుక్లం, రెటీనా దెబ్బతినడం రెండూ సాధ్యమే. రెండు మూడు రోజులు ఆధారాలు మీరు పైకి చదవండి. నోటితో టకటకా చెప్పేస్తే లోపం మెదడులో కాదు, చూపులో ఉన్నట్టు. అప్పుడు కంటి డాక్టర్ దగ్గర కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించి రెటీనా పరీక్ష చేయించండి, షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఏడాదికోసారి ఎలాగూ అవసరమే. ఈలోపు నుడికట్టు ముక్కను జిరాక్స్ షాపులో 141 శాతానికి పెంచి తీయిస్తే ఏ4 కాగితమంత ముక్క ఏ3 అంత అవుతుంది. గళ్లలో రాత రోజురోజుకూ చిన్నదైపోతుంటే, చేయి వణుకుతుంటే అది కూడా డాక్టర్‌కు చెప్పండి, పార్కిన్సన్స్‌లో అలా జరుగుతుంది.

ఇంకో చిన్న పరీక్ష. కొన్నిసార్లు పత్రికలో నుడికట్టు కూర్చేవారే మారిపోతారు, తీరు మారి కష్టమవుతుంది! మూడు నాలుగేళ్ల కిందటి పాత నుడికట్టు ఒకటి సంపాదించి ఇవ్వండి. అది సాఫీగా సాగితే సగం బెంగ తీరినట్టే.

ఇక మందులు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్ బీ12 తగ్గుతుంది. గ్యాస్ మాత్రలు కూడా రోజూ మింగుతుంటే ఇంకా తగ్గొచ్చు. మతిమరుపు, నీరసం, అరికాళ్ల తిమ్మిర్లు రావడానికి ఇదొక్కటే చాలు. రక్త పరీక్షలో బీ12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తక్కువ వస్తే లోపం కింద లెక్క. సరిచేస్తే చాలామందిలో తేడా కనిపిస్తుంది. అలాగని మెట్‌ఫార్మిన్ మీరే ఆపేయకండి. గ్లిమెపిరైడ్ సంగతి వేరు. మాత్ర వేసుకుని, టిఫిన్ చేయకుండా నుడికట్టు ముందు కూర్చుంటే షుగర్ పడిపోతుంది, పదాలు అందవు, చెమట, చిరాకు, కోపం. మీరు చెప్పిన కోపంలో దీని వాటా ఎంతో చూడాలి. ఆ సమయంలో గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇక నుంచి ముందు టిఫిన్, తర్వాతే నుడికట్టు. నిద్రమాత్ర మొదలైన రోజు, ఇబ్బంది మొదలైన రోజు పక్కపక్కన పెట్టి చూడండి. అల్ప్రాజోలం లాంటివి మరుసటి పూట దాకా మెదడును మందగిస్తాయి. కానీ ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. జలుబుకు తెచ్చుకునే క్లోర్‌ఫెనిరమిన్ మాత్రలు కూడా ఈ వయసులో తికమక పెడతాయి.

వరంగల్ ఎంజీఎంలో జనరల్ మెడిసిన్ ఓపీకైనా, మీకు తెలిసిన ఫిజీషియన్ దగ్గరికైనా తీసుకెళ్లండి. బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), రక్తహీనత, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), మూడు నెలల షుగర్ సగటు చూపించాలి. చెవులు ఎలా వినిపిస్తున్నాయో కూడా. తెలుగులో చేసే జ్ఞాపకశక్తి పరీక్ష ఉంటుంది. అయితే జీవితమంతా చదువు చెప్పినవారు సులువైన పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకుంటారు, ఆ అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండొద్దు. తెలిసిన దారిలో తప్పిపోవడం, పింఛను లెక్కలు తారుమారు కావడం, మాటల్లోనూ వస్తువుల పేర్లకు బదులు ‘అది, ఇది’ పెరగడం లాంటివి ఉంటే తప్పకుండా చెప్పండి. స్కాన్ అవసరమా అన్నది అప్పుడు తేలుతుంది.

ఒకటి మాత్రం ఆగే విషయం కాదు. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక చేయి పడిపోయినా 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు.

మెదడుకు పని తగ్గుతుందన్న భయం వద్దు. స్వల్ప మతిమరుపు ఉన్న 107 మందిపై అమెరికాలో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. 78 వారాల తర్వాత కంప్యూటర్ ఆటలు ఆడినవాళ్ల కన్నా క్రాస్‌వర్డ్ చేసినవాళ్ల స్కోర్లు కొంచెం మెరుగ్గా ఉన్నాయి. కానీ ఏదీ చేయని బృందంతో పోల్చలేదు, పాల్గొన్నవారూ తక్కువే. కాబట్టి నుడికట్టు మతిమరుపును ఆపుతుందని నేను చెప్పను. రోజూ నడక, బీపీ షుగర్ అదుపు, నలుగురితో మాట.. వీటి తర్వాతే దాని స్థానం.

మనవడికి ఒక మాట చెప్పండి. పెన్ను తాత చేతిలోనే ఉండాలి, తాను అడ్డం ఆధారాలు చదివి వినిపించాలి. ‘ఇది కూడా రాదా’ అని మాత్రం అనొద్దు. అరగంట దాటాక విసుగొస్తే ఆపేసి సాయంత్రం మళ్లీ పట్టుకోవచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వారాల నుడికట్లు తేదీలతో సహా పట్టుకెళ్లండి, ఏ పదానికి ఎంత హింట్ పట్టిందో పక్కన రాసి. వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకోండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా.