కరెంటు పోయిన రాత్రికి ఎంత పెట్టె కావాలి

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. మీ బాడుగింటికి పవర్ స్టేషన్, అంటే కరెంటు నిల్వ ఉంచుకొని ఇచ్చే బ్యాటరీ పెట్టె, కొనాలనుకుంటున్నామని, వెయ్యి వాట్లది తీసుకోవాలా రెండు వేలదా అని అడిగినావు. వాట్ల సంగతి తర్వాత. ముందు ఒక కాగితం తీసుకో. ప్రొద్దుటూరు ఎండాకాలంలో రాత్రిపూట కరెంటు పోతే ఇంట్లో ఏమేమి నడవాలో, ఎన్ని గంటలు నడవాలో రాయి. ఆ లెక్క లేకుండా అంగడికి పోతే అంగడోడు చెప్పిందే నీ లెక్క అవుతుంది.

పాత రకం సీలింగ్ ఫ్యాన్ ఫుల్లు స్పీడులో 75 వాట్లు తింటుంది. రెండింటికి 150. ఎల్‌ఈడీ బల్బులు రెండు 18, వైఫై రూటరు 12, సెల్‌ఫోన్లు 20. అన్నీ కలిపి 200 వాట్లు. నాలుగు గంటలకు 800 వాట్ అవర్లు. బ్యాటరీలోని కరెంటును 230 వోల్టుల ఏసీగా మార్చేటప్పుడు నూటికి పదిహేను వంతుల దాకా వేడి కింద పోతుంది కాబట్టి, 800ని 0.85తో భాగించు. 940 వస్తుంది. అంటే వెయ్యి వాట్ అవర్ల పెట్టె కావాలి. మన కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే ఇంతే. వాట్లు ఒకేసారి ఎంత లోడు మోస్తుందో చెప్తాయి, వాట్ అవర్లు ఎంతసేపు మోస్తుందో చెప్తాయి. నీ అవసరానికి రెండోదే ముఖ్యం.

ఇప్పుడు అదే లెక్క తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్లతో వేసి చూడు. ఒక్కోటి 30 వాట్లే. మొత్తం లోడు 110కి దిగుతుంది, నాలుగు గంటలకు 600 వాట్ అవర్ల పెట్టె సరిపోతుంది. కాబట్టి పెట్టె కంటే ముందు ఫ్యాన్లు మార్చు. ఫ్యాన్లకు పెట్టిన డబ్బు చిన్న పెట్టెతో తిరిగొస్తుంది, నెల బిల్లు కూడా తగ్గుతుంది, ఇల్లు మారితే విప్పుకొని పోవచ్చు. బిగించేటప్పుడు గోడమీది పాత రెగ్యులేటర్‌ను తీసేసి నేరుగా కలపమని ఎలక్ట్రీషియన్‌తో చెప్పు. రెగ్యులేటర్ మీద నడిపితే ఫ్యాన్‌లోని సర్క్యూట్ చెడిపోతుంది.

ఫ్రిజ్ సంగతి. మీ అమ్మ ఇన్సులిన్ అందులోనే ఉందని నీ బాధ, నాకు తెలుసు. తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ నాలుగు గంటలపాటు చల్లదనం నిలుపుకుంటుంది. చిన్న కోతలకు దాన్ని పెట్టెకు తగిలించే పనే లేదు. పొద్దంతా పోయే రోజు కోసం తగిలించాలంటే మాత్రం ఈ మాట గుర్తుంచుకో: మామూలు కంప్రెసర్ నడిచేటప్పుడు 100 నుంచి 150 వాట్లే, కానీ స్టార్టయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. 300 వాట్ల పెట్టె అక్కడే ట్రిప్పవుతుంది. కనీసం వెయ్యి వాట్లు, సర్జ్ (ఒక్క క్షణం మోయగల లోడు) రెండు వేలు ఉన్నదైతే తట్టుకుంటుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్ మెల్లగా మొదలవుతుంది, దానికి ఇంత భయం లేదు. బోరు మోటరు, ఏసీ, ఇండక్షన్ స్టవ్వు, ఇస్త్రీపెట్టె లెక్కలోకే తేవద్దు. కొన్ని పెట్టెల మీద 'బూస్ట్' అని రాసి హీటర్ కూడా నడుస్తుందంటారు. వోల్టేజీ తగ్గించి నడిపే ఉపాయం అది. హీటరుకు పర్వాలేదు, మోటరుకు పనికిరాదు.

లోపలి బ్యాటరీ రకం తప్పకుండా అడుగు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్‌ఎఫ్‌పీ అయితేనే తీసుకో. మూడు వేలసార్లు ఛార్జి చేసి వాడినా 80 శాతం దాకా సత్తువ మిగులుతుంది, వేడికి త్వరగా చెడదు. ఎన్‌ఎంసీ అనే ఇంకో లిథియం రకం బరువు తక్కువే గానీ, 500 నుంచి వెయ్యిసార్లకే అరుగుతుంది. మన కడప జిల్లా ఎండలకు నేను దాన్ని సిఫారసు చేయను. అవుట్‌పుట్ 'ప్యూర్ సైన్ వేవ్', అంటే గోడ సాకెట్లో వచ్చే కరెంటులాంటిదే అయి ఉండాలి. లేకుంటే ఫ్యాన్లు గుయ్యిమంటాయి, వేడెక్కుతాయి. లక్ష ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలతో రాసినవి చూసి మోసపోవద్దు. ఆ అంకె 3.7 వోల్టుల దగ్గర లెక్క. వేసి చూస్తే 370 వాట్ అవర్లే, నీ లెక్కలో సగం కూడా కాదు.

అమెరికాలో ఉన్నోళ్లు తెచ్చిస్తారని ఆశ పెట్టుకోవద్దు. అక్కడివి 120 వోల్టులు, 60 హెర్ట్జ్, మన ఫ్యాన్లకు సరిపడవు. పైగా 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కనివ్వరు.

వెనక లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చూడు. సర్వీసు ఎక్కడో అడుగు. రిపేరుకు ఇంత పెద్ద లిథియం బ్యాటరీని కొరియర్‌వాళ్లు సులభంగా తీసుకోరు, హైదరాబాదుకో బెంగళూరుకో మోసుకుపోవాల్సిందే. జీఎస్టీ బిల్లు లేకుండా రూపాయి ఇవ్వొద్దు.

ఎంతసేపట్లో నిండుతుందో కూడా చూడాలి. 100 వాట్ల అడాప్టరుతో వెయ్యి వాట్ అవర్లు నిండడానికి పది గంటలు దాటుతుంది. పగలు రెండుసార్లు కరెంటు పోతే రాత్రికి సగమే ఉంటుంది. 500 వాట్ల ఛార్జర్ లోపలే ఉన్నదైతే రెండున్నర గంటలు చాలు. మిద్దెమీద సోలార్ ప్యానల్ పెట్టాలనుకుంటే పెట్టెకు రాసిన గరిష్ఠ ఇన్‌పుట్ వోల్టేజీ చూసి పెట్టు. 12 వోల్టులని అమ్మే 100 వాట్ల ప్యానల్‌కు లోడు లేనప్పుడు 22 వోల్టుల దాకా ఉంటుంది. రెండింటిని సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే 44. పెట్టె 30 వోల్టులదైతే ఆ పూటే కాలిపోవచ్చు.

ఒక మాట మాత్రం కచ్చితంగా విను. రెండువైపులా పిన్నులున్న వైరు చేయించి, పెట్టె కరెంటును గోడ సాకెట్లోకి ఎక్కించి ఇల్లంతా వెలిగించాలని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. చేతిలో బయటికున్న పిన్నులో కరెంటుంటుంది. మీటరు దాటి లైనులోకి పోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. కరెంటు తిరిగొచ్చిన క్షణం పెట్టె కూడా పేలొచ్చు. రెండు ఫ్యాన్లకు, బల్బులకు విడిగా వైరు లాగించి, చివర పిన్ను పెట్టించి పెట్టెకే తగిలించు. లేదంటే టేబుల్ ఫ్యాన్ వాడుకో.

ఇంటికి తెచ్చాక అటక మీదో, రేకుల కిందో పెట్టొద్దు. 45 డిగ్రీలు దాటితే ఈ బ్యాటరీ ఛార్జి తీసుకోదు. బండపరుపు మీద, గోడకు జానెడు దూరంలో, గాలాడే చోట పెట్టు. ఏసీ స్విచ్ ఊరికే ఆన్‌లో ఉంచితే గంటకు 10, 15 వాట్ అవర్లు దానంతటదే తినేస్తుంది, పని లేనప్పుడు ఆపు. రూటరు ఒక్కటే తగిలిస్తే కొన్ని పెట్టెలు లోడు లేదనుకొని ఆగిపోతాయి. అలా ఆపే ఎకో మోడ్ తీసేయి, లేదా రూటరును 12 వోల్టుల డీసీ పోర్టుకే కలుపు. వాడని నెలల్లో సగం పైచిలుకు ఛార్జితో ఉంచి, మూడు నెలలకొకసారి చూసుకో.

వచ్చిన వారంలోనే పూర్తిగా నింపి, రెండు పాత ఫ్యాన్లు ఆపకుండా తిప్పి టైము చూడు. వెయ్యి వాట్ అవర్లది ఐదున్నర గంటల దాకా నడవాలి. నాలుగు గంటలకే ఆగితే వాపసు గడువు దాటకముందే తిరిగిచ్చేయి.

సొంతిల్లు కట్టుకున్నాక, రోజూ ఆరేడు గంటలు పోయే చోటైతే 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ ఇన్వర్టరే రూపాయికి ఎక్కువ ఇస్తుంది. నీళ్లు పోసే పని ఉంటుంది, అంతే. బాడుగింటికి మాత్రం ఈ పెట్టే మేలు.

డబ్బు కట్టేముందు వెనక లేబుల్ ఫొటో నాకు పంపు. చదివి ఆ రోజే చెప్తాను.

ఇట్లు,
మీ మామ